బాండుంగ్ హాల్లో రెండో కథ

ఇండోనేషియాలో జకార్తా నుంచి బాండుంగ్‌కి రైల్లో మూడు గంటలు. దారంతా మెట్లు మెట్లుగా వరి మళ్లు, లోయల మీద ఎత్తైన వంతెనలు. నిజానికి నేను వెళ్లింది నెహ్రూ కోసం. 1955 ఏప్రిల్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమైన గెడుంగ్ మెర్దేకాను చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక. మెర్దేకా అంటే స్వాతంత్ర్యం. ఒకప్పుడు డచ్చివాళ్లు విందులు, నాట్యాల కోసం కట్టుకున్న క్లబ్బుకి ఆ పేరు పెట్టుకోవడం నాకు ఎంతో నచ్చింది.

మ్యూజియంలో నెహ్రూ ఫొటోలు చూసి పెద్ద హాల్లోకి అడుగుపెట్టాను. గైడు కుర్రాడు ఆగి, "మా రాజ్యాంగ సభ కూర్చున్నది కూడా ఇక్కడేనండీ" అన్నాడు. అది నాకు తెలియదు. ఆ తర్వాత గంటసేపు అతన్ని వదల్లేదు.

స్వాతంత్ర్యం ప్రకటించుకున్న మర్నాడే, 1945 ఆగస్టు 18న, ఇండోనేషియా 37 అధికరణాల చిన్న రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఇది హడావిడిగా రాసుకున్నది, తర్వాత స్థిమితంగా పూర్తిది రాసుకుందామని తొలి అధ్యక్షుడు సుకర్ణో అప్పుడే చెప్పాడు. ఆ పూర్తిది రాయడానికి ప్రజలు ఎన్నుకున్న సభ 1956 నవంబరు 10న ఈ హాల్లో మొదలైంది. మానవ హక్కులతో సహా చాలా విషయాల్లో సభ్యులు ఒక మాట మీదకి వచ్చారు. తేలనిది ఒక్కటే: దేశానికి పునాది పంచశీలా, ఇస్లామా? వాళ్ల పంచశీల అంటే దేశానికి పునాదిగా పెట్టుకున్న ఐదు సూత్రాలు, మనం నెహ్రూ పేరుతో కలిపి చెప్పుకునేది వేరు.

1959 ఏప్రిల్‌లో సుకర్ణో ఈ సభకే వచ్చి, పాత 1945 రాజ్యాంగానికే తిరిగి వెళదాం అన్నాడు. మూడుసార్లు ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 269, తర్వాత 264, ఆఖరికి జూన్ 2న 263. మెజారిటీ ఉంది కానీ, కావలసిన మూడింట రెండొంతులు ఒక్కసారీ రాలేదు. సభ విరామం తీసుకుంది. మళ్లీ కూర్చోలేదు. జూలై 5న సుకర్ణో డిక్రీతో సభ రద్దయింది, పాత రాజ్యాంగం తిరిగి వచ్చింది.

వింటుంటే గుండె బరువెక్కింది. మన రాజ్యాంగ సభకి దాదాపు మూడేళ్లు దొరికాయి. వీళ్లు రెండున్నరేళ్లు పనిచేసి, ఒడ్డు కనిపిస్తున్న చోట ఆగిపోయారు. చేతకాక ఆగారని నేను అనుకోను, ఆపేశారు.

దాని ఖరీదు తర్వాతి తరం కట్టింది. అధ్యక్షుడు ఎన్నిసార్లు ఎన్నిక కావచ్చో ఆ పాత రాజ్యాంగంలో పరిమితి లేదు. దాని నీడలోనే, సుకర్ణో తర్వాత అధ్యక్షుడైన సుహార్తో మూడు దశాబ్దాలు పాలించాడు. ఆయన దిగిపోయాక, 1999లో మొదటి సవరణతో రెండు పర్యాయాల హద్దు పెట్టారు. 2002 నాటికి నాలుగు సవరణలు పూర్తయ్యాయి. 2004లో ప్రజలు మొదటిసారి అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకున్నారు. అప్పుడు తను పసివాడినని గైడు చెప్పాడు.

బయట సన్నగా వాన. జలాన్ ఆసియా ఆఫ్రికా అనే ఆ వీధిలో జనం ఆ భవనం ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేను చూరు కింద నిలబడి నోట్‌బుక్ తీశాను. నెహ్రూ కోసమని ఖాళీగా ఉంచిన పేజీలో 269, 264, 263 అని రాసుకున్నాను.