రోహిణి కార్తెకి ఇప్పటి నుంచే

హోలీ వెళ్ళింది, ఉగాది ఇంకా రాలేదు. హైదరాబాద్‌లోని మా నర్సరీకి ఏడాది మొత్తంలో ఊపిరి సలపని రోజులివే. అమ్మకాలు వానాకాలంలోనే ఎక్కువ, కానీ అప్పుడు మొక్క తన తిప్పలు తాను పడుతుంది. గుంత తీసి పెట్టేస్తే చాలు, బతికేస్తుంది. ఇప్పుడట్లా కుదరదు. ఉత్తరాభాద్ర కార్తె నడుస్తోంది, రోహిణికి ఇక రెండు నెలలే. ఈలోపు కవర్లలో ఉన్న ప్రతి మొక్కా ఎండకి అలవాటు పడాలి. రోడ్ల పక్కన టబేబియాలు గులాబీ రంగులో విరగబూశాయి, ఊరు దాటితే బీళ్ళలో మోదుగులు ఎర్రగా కనిపిస్తున్నాయి, రావిచెట్లకి రాగిరంగు చిగుళ్ళొచ్చాయి. చూస్తే ప్రాణం లేచొస్తుంది. వెంటనే ఇంకో ఆలోచన కూడా వస్తుంది, ఇంత లేత ఆకు మే నెల దాకా నిలవాలి కదా అని.

పొద్దున ఐదున్నరకి నేను గేటు తీసేసరికే పెద్దమ్మ వచ్చి కూర్చుని ఉంది. ఆమెది పాలమూరు. ఈ పనిలో మా అందరికంటే పెద్ద చెయ్యి. "పొద్దెక్కక ముందే తాపాలె బిడ్డా, ఎక్కినంక పోస్తే ఏర్లు ఉడకబెట్టినట్టే" అంటుంది. అక్షరాలా నిజం. మధ్యాహ్నానికి పైపులో నిలిచిన నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. తప్పనిసరై పగలు నీళ్ళు పట్టాల్సొస్తే ఆ వేడినీళ్ళన్నీ ముందు నేల మీద వదిలేసి, చల్లబడ్డాకే మొక్క మొదట్లో పెడతాం. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కుండీల అంచున తెల్లగా పేరుకుంటుంది, ఆకుల కొసలు మాడతాయి. అందుకని పైపైన చిలకరించడం మా దగ్గర ఉండదు. పోస్తే కింది రంధ్రాల్లోంచి కారేదాకా పొయ్యాలి, అప్పుడే ఆ ఉప్పు కడుక్కుపోతుంది. అట్లా పోసి, మట్టిలో వేలు పెట్టి చూసి, పైన అంగుళం ఎండాకే మళ్ళీ పోస్తాం.

ఎనిమిదింటికి కడియం లారీ వచ్చింది. రాత్రంతా సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన మొక్కలు. నందివర్ధనం, నూరువరహాలు, మందారాలు, క్రోటన్లు, రెండు వరసల కరివేపాకు. దించుతుంటే ఆ పచ్చదనానికి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కూడా బండ్లు ఆపి చూశారు. నాకు మాత్రం ఆ పచ్చదనం చూస్తేనే దిగులు. గోదావరి కాలవల పక్కన, తేమ గాలిలో, ఒండ్రు మట్టిలో పెరిగిన ఆకులవి. వెడల్పుగా, పలచగా ఉంటాయి. మన దగ్గర మార్చి మధ్యాహ్నం గాలిలో తేమ ముప్పై శాతం కూడా ఉండని రోజులున్నాయి. వేళ్ళు తాగేదానికంటే ఆకులు వదిలేది ఎక్కువైపోతుంది, మూడో రోజుకి వాడిపోతాయి. ఒండ్రు మట్టితో ఇంకో చిక్కుంది. ఆ ముద్ద ఒకసారి పూర్తిగా ఎండితే ఇటుకలా బిగుసుకుంటుంది. పోసిన నీళ్ళు దాని పక్కల్నుంచి జారి కిందికి పోతాయి, లోపల వేరు మాత్రం దాహంతో ఉంటుంది. పైన మన్ను తడిగానే ఉందే, మొక్కెందుకు పోయిందని జనం తల పట్టుకునేది ఇక్కడే.

అందుకే దించిన లాటునంతా ముందు 50 శాతం షేడ్ నెట్, అంటే సగం ఎండని ఆపే వల, కింద పెడతాం. వారం, పది రోజులు అక్కడే. తర్వాత పొద్దుటి ఎండలోకి జరుపుతాం, పది గంటలకి మళ్ళీ నీడ. ఆ తర్వాత పదకొండు దాకా, పన్నెండు దాకా. ఈ మధ్యలో పాత ఆకులు కొన్ని పసుపెక్కి రాలతాయి. రాలనివ్వాలి. నీడలో పుట్టిన ఆకు ఎంత బతిమాలినా ఎండకి మారదు. ఎండలో కొత్తగా పుట్టే ఆకే చిన్నదిగా, మందంగా, మెరుస్తూ వస్తుంది. ఆ కొత్త ఆకు నాలుగైదు కనిపించాకే మొక్క మన ఊరిదైనట్టు లెక్క. కవర్లని ఒకదానికొకటి ఆనించి పేరుస్తాం, పడమటి వైపు ఆఖరి వరసకి తడిపిన గోనెసంచులు అడ్డం కడతాం. నల్ల కవరుకి సాయంత్రపు ఎండ తగిలితే ఆ పక్క వేళ్ళు చచ్చిపోతాయి. విప్పి చూస్తే గానీ ఆ సంగతి తెలియదు.

ఇంకా దించడం అవ్వకముందే ఒకావిడ వచ్చి ఎర్రమందారం మీద చెయ్యి వేశారు. నిండా మొగ్గలతో ఉంది, ఇప్పుడే కావాలన్నారు. పదిహేను రోజులాగి రండమ్మా అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "నాకు తెలుసులే, నా చేతికి మొక్కలు రావు. పోయినేడు రెండు మందారాలు తెస్తే రెండూ పోయినయ్" అన్నారు.

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ కడుపులో దేవినట్టవుతుంది. ఆవిడ చేతిలో ఏ లోపమూ లేదు. నిన్నటిదాకా కాలవ గట్టున, నీడలో ఉన్న మొక్కని తెచ్చి మూడో అంతస్తు డాబా మీద పెడితే ఏ చేతికి వస్తుంది? తయారు కాని మొక్కని అమ్మిన చోటే తప్పు జరిగింది. కొన్నావిడ మాత్రం ఆ నింద తన చేతి మీద వేసుకుని, ఇక మొక్కల జోలికే వెళ్ళకుండా ఉండిపోతారు. ఒక మొక్క పోవడం కంటే అది నాకు పెద్ద నష్టం. అదే చెప్పాను ఆవిడకి, షేడ్ నెట్ కిందికి తీసుకెళ్ళి, జనవరిలో వచ్చిన లాటు ఆకుని, ఇవాళ దిగిన ఆకుని రెండూ వేళ్ళతో నలిపి చూడమన్నాను. చూసి, ఏమీ అనకుండా ఫోన్ నంబరు రాయించి వెళ్ళారు.

తమ్ముడికి నచ్చలేదు. "వచ్చిన బేరాన్ని వాపస్ పంపుతవేందక్కా, లారీ కిరాయెట్ల కట్టాలె" అన్నాడు. వాడి బాధా న్యాయమైనదే. నీళ్ళ ట్యాంకర్లు మొదలయ్యాక ఖర్చు ఇంకా పెరుగుతుంది. అయినా ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను.

మధ్యాహ్నం ఎడారి గులాబీల (అడీనియం) పని పెట్టుకున్నాం. నాకు ఏడాదిలో అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. అరేబియా, తూర్పు ఆఫ్రికా ఎండల్లో పుట్టిన మొక్క, మన మే నెల దానికి పుట్టింటి వాతావరణం. భయమల్లా చలికాలపు తడితోనే. డిసెంబరులో రాత్రుళ్ళు చల్లబడగానే ఆకు రాల్చి నిద్రపోతుంది. శివరాత్రి దాటాక కొమ్మల చివర ఆకుపచ్చటి చుక్కల్లాంటి మొలకలు కనబడతాయి, కుండీ మార్చడానికి అదే అదను. కుండీని అడ్డంగా పడుకోబెట్టి, దుంప పట్టుకుని మెల్లగా లాగి, మట్టంతా దులిపి కడుగుతాం. కుళ్ళిన వేరు వేలితో నొక్కితేనే తెలిసిపోతుంది, మెత్తగా దిగుతుంది. దాన్ని తెల్లటి గట్టి భాగం కనబడేదాకా కోసెయ్యాలి. కొమ్మలు పొడుగ్గా సాగినవి సగానికి కత్తిరించాలి, ఒక్కో కోత కింద రెండు మూడు కొమ్మలు లేస్తాయి, పువ్వు కొమ్మ చివరనే వస్తుంది కాబట్టి కొమ్మలెన్నయితే పూలన్ని. కోసిన చోట పాలు కారతాయి. ఆఫ్రికాలో బాణాలకి పూసిన విషం అదే. అందుకే గ్లోవ్స్ లేకుండా ఎవర్నీ ముట్టనివ్వను, పెద్దమ్మ ఎంత విసుక్కున్నా సరే.

కోత కోశాక వెంటనే నాటకూడదు. నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టాలి, గాయం మీద పొర కట్టాలి. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కాస్త ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, దుంప కిందటేడు కంటే ఒక అంగుళం పైకి కనబడేట్టు పెట్టాలి. నీళ్ళు ఇంకో నాలుగు రోజుల తర్వాతే. చూడడానికి ఇదంతా మొక్కని ఎండబెట్టి చంపుతున్నట్టే ఉంటుంది. పని నేర్చుకోవడానికొచ్చిన పిల్ల దొంగతనంగా నీళ్ళు పోయబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల జాలి నాకు నచ్చింది.

సాయంత్రం బేరాలు బాగానే జరిగాయి. మణికొండ నుంచి ఒక అబ్బాయి వచ్చి పడమటి బాల్కనీకి పీస్ లిల్లీ అడిగాడు. ఆ ఎండకి అది పనికిరాదు బాబూ అని కాగితంపూలు, బిళ్ళగన్నేరు, నాచుపూలు ఇచ్చాను. కాగితంపూలకి నీళ్ళు తగ్గిస్తేనే పూస్తుంది, రోజూ పోస్తే ఆకులే వస్తాయి. రంగురంగుల రేకులనుకునేవి కూడా ఆకులే, అసలు పువ్వు మధ్యలో తెల్లగా, చిన్నగా ఉంటుంది. ఆ సంగతి చెప్తే అబ్బాయి ఫోన్ లైటు వేసి మరీ చూశాడు. ఇంకొకాయన ప్రహరీ వెంట తొందరగా ఎదగాలని కోనోకార్పస్ అడిగారు. మేము ఉంచం. వేళ్ళు పైపుల్లో దూరతాయి, పుప్పొడి కొందరికి పడదు, పిట్ట తినడానికి ఒక్క పండుండదు. కానుగ, పొగడ పెట్టుకోండి అన్నాను. "లేట్ అయితది కదమ్మా" అని వెళ్ళిపోయారు.

మందారాల పాత వరసలో చీమల బారు కనబడింది. చీమలు ఎక్కుతున్నాయంటే పైన పిండినల్లి ఉన్నట్టే, దాని తీపి జిగురు కోసమే వెళ్తాయి. పట్టిన కొమ్మలు కోసి కవర్లో కట్టేశాం. మిగతా వాటికి లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి పొద్దు వాలాక కొట్టాం. పగలు కొడితే ఆకు మాడుతుంది. చామంతి పిలకలు విడదీయడం సగమే అయింది. మల్లెలు మొగ్గ మీదున్నాయి, వాటి జోలికి వెళ్ళలేదు.

చీకటి పడేముందు పెద్దమ్మ కొంగులోంచి కానుగ కాయలు కుప్ప పోసింది, రాజేంద్రనగర్ రోడ్డు పక్కన ఏరుకొచ్చిందట. కాయకి ఒక్క గింజే ఉంటుంది ఎక్కువగా. రాత్రికి నానబెట్టాం, రేపు కవర్లలో వేస్తే రెండు వారాల్లో మొలుస్తాయి, మృగశిర వానల నాటికి కాస్త ఎదుగుతాయి. మార్చిలో మోడైపోయి, సరిగ్గా ఎండలు ముదిరేవేళకి నిండా ఆకు తొడిగే చెట్టు ఇది. ఎవరైనా అడిగితే నేను ముందు దీని పేరే చెప్తాను.

లెక్కలు చూసి బయటికొస్తే కడియం వరసల ముందు అట్టముక్క ఒకటి వేలాడుతోంది. తమ్ముడి రాత: "ఇవి ఉగాది దాటినంకనే అమ్మబడును." పొద్దున ఆవిడ చెయ్యి వేసిన ఎర్రమందారం కవరుకి దారం కట్టి, ఆ దారానికి ఆవిడ నంబరు రాసిన చీటీ కూడా వాడే తగిలించాడు.