చెవికి అందని అతుకు

నెల్లూరు ట్రంకు రోడ్డులో మా మేనమామకు క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే చిన్న దుకాణం ఉండేది. బడి సెలవుల్లో అక్కడ నాకు అప్పగించిన పని, తెగిన టేపును అతికించడం. రెండు కొసలనూ ఒకదానిపై ఒకటి పెట్టి బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెనకవైపు అతుకు వేసి గోటితో నొక్కి, పెన్సిలుతో చక్రం తిప్పి లోపలికి చుట్టేవాడిని. "కంటికి కనపడితే కనపడనీ అబ్బయా, చెవికి మాత్రం తెలియకూడదు" అనేవాడు మామయ్య.

ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం పాటల రికార్డింగును నడిపించిన నిర్మాత జార్జ్ మార్టిన్ గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ మాట గుర్తుకు వస్తుంది. 1926లో లండనులో ఒక వడ్రంగి ఇంట పుట్టిన ఆయన, గిల్డ్‌హాల్ పాఠశాలలో సంగీతం చదివి, ఓబో అనే ఊదే వాద్యం వాయించి, 1950లో ఇ.ఎం.ఐ. రికార్డుల కంపెనీలో చేరి, 29 ఏళ్లకే అందులో పార్లోఫోన్ అనే విభాగానికి అధిపతి అయ్యారు. ఇతర కంపెనీలు కాదన్న బీటిల్స్‌ను 1962లో తీసుకున్నది ఆయనే. ఆ బృందం రికార్డులు లక్షల్లో అమ్ముడుపోతున్నా ఉద్యోగి కనుక ఆయనకు అందులో వాటా లేదు. 1965లో బయటికి వచ్చి సొంత సంస్థ పెట్టుకున్నారు.

1966 చివర్లో 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' పాట రికార్డు చేసినప్పుడు ఆ బృందంలోని జాన్ లెనన్‌కు ఒక టేపులోని మొదటి భాగం, మరొక టేపులోని చివరి భాగం నచ్చాయి. రెండింటికీ శ్రుతి వేరు, వేగం వేరు. టేపు వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుందని, మోటారు బెల్టు సాగినప్పుడు గాయకుల గొంతు బరువెక్కడం విన్న మా దుకాణంలో అందరికీ తెలుసు. నెమ్మదిగా సాగేదే తక్కువ శ్రుతిలో ఉండడం మార్టిన్‌కు కలిసి వచ్చింది. ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌తో కలిసి ఆయన మొదటిదాని వేగాన్ని కొంచెం పెంచి, రెండోదాన్ని కొంచెం తగ్గించి, సుమారు ఒక నిమిషం దగ్గర రెండింటినీ కలిపేశారు. నా దృష్టిలో నిర్మాత పనితనానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

అంతటి చెవులు వయసుతోపాటు వినికిడి కోల్పోయాయి. 2006లో వెలువడిన 'లవ్' అనే బీటిల్స్ పాటల సంకలనాన్ని ఆయన కుమారుడు జైల్స్‌తో కలిసి రూపొందించారు. 2016లో మరణించారు.

ఈమధ్య ఆ పాటను మామయ్యకు ఇయర్‌ఫోన్లు పెట్టి వినిపించి, అతుకు వచ్చినచోట వేలెత్తమన్నాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. వేలు ఎత్తలేదు.