సొమ్మొకడిది, సోకొకడిది: వేగస్ స్ట్రిప్ మీద ఒక నడక

లాస్ వేగస్ ఫొటోల్లో మనం చూసే పెద్ద పెద్ద హోటళ్లలో దాదాపు ఏదీ లాస్ వేగస్ ఊళ్లో లేదు. ఈ సంగతి మా మేనల్లుడు దారిలో చెప్పాడు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని, వాళ్ల వియ్యంకుల్ని తిప్పి తిప్పి వాడు సగం గైడు అయిపోయాడు. "మామయ్యా, మనం దిగే హోటల్ అడ్రసులో లాస్ వేగస్ అని ఉంటుంది గానీ అది పారడైజ్ అనే టౌన్‌షిప్. సిటీ వాళ్లు తమలో కలిపేసుకుని పన్నులు వెయ్యకుండా 1950లో హోటళ్ల వాళ్లే కౌంటీని, అంటే మన జిల్లా లాంటిదాన్ని, పట్టుకుని ఏర్పాటు చేయించుకున్నారు" అన్నాడు. మున్సిపాలిటీ హద్దు దాటి పంచాయతీలో అపార్ట్‌మెంట్లు లేపే మన బిల్డర్లు గుర్తొచ్చారు.

2025 అక్టోబరు. లాస్ ఏంజెలెస్ వైపు నుంచి ఐ-15 మీద నాలుగైదు గంటల ప్రయాణం. రెండు పక్కలా ఎడారే. నెవాడా హద్దులో ప్రిమ్ అనే చోట ఒకప్పుడు కిటకిటలాడిన కాసినోల్లో కొన్నిటికి తలుపులు మూసి ఉన్నాయి. ఈ ఐ-15 రాకముందు ఇదే దారిన 91వ నంబరు హైవే ఉండేది. ఇప్పుడు ప్రపంచమంతా స్ట్రిప్ అని పిలిచే లాస్ వేగస్ బులెవార్డ్ ఆ పాత హైవేలో ఒక ముక్క. దాదాపు ఏడు కిలోమీటర్లు ఉంటుంది.

నెవాడా 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. ఆరు వారాలు రాష్ట్రంలో ఉంటే చాలు విడాకులు ఇస్తామన్నదీ ఆ ఏడాదే. పక్కనే హూవర్ డ్యామ్ పనులు మొదలయ్యాయి. అయితే కాసినోలన్నీ అప్పట్లో రైల్వే స్టేషన్ ఎదుటి ఫ్రీమాంట్ వీధిలో ఉండేవి. 1941లో కాలిఫోర్నియా హోటళ్ల వ్యాపారి థామస్ హల్ ఊరి పొలిమేరకు అవతల, హైవే పక్కన ఎల్ రాంచో వేగస్ కట్టాడు. స్థలం చవక, సిటీ పన్నులు లేవు. ఎండలో మాడుతూ కార్లలో వచ్చేవాళ్లకి రోడ్డు మీంచే కనబడేలా ఈతకొలను తవ్వించాడు. నాకు వీళ్లందరిలో ఈయనే తెలివైన వ్యాపారి అనిపిస్తాడు. తరవాత వచ్చినవాళ్లు అగ్నిపర్వతాలూ పిరమిడ్లూ పెట్టి చేసిన పని ఆయన నీళ్లతో చేశాడు.

మేం దిగిన హోటల్ పేరు చెప్పను. గది అద్దెకి దరిదాపుల్లో రిసార్ట్ ఫీజు అని ఇంకోటి ఉంది. ఎందుకయ్యా అంటే వైఫై, జిమ్, లోకల్ ఫోన్ కాల్స్! "లోకల్ కాల్ ఎవరికి చేస్తాం?" అంది మా ఆవిడ. రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వింది గానీ ఫీజు తగ్గలేదు. 2016 దాకా ఇక్కడ పెద్ద హోటళ్లలో పార్కింగ్ ఊరికే ఇచ్చేవారట. అప్పట్లో గదీ తిండీ చవగ్గా పెట్టి జూదంలో రాబట్టుకునేవారు. 1990ల చివరికొచ్చేసరికి స్ట్రిప్‌లో జూదం మీద కన్నా గదులు, భోజనాలు, షోల మీద వచ్చేదే ఎక్కువైంది. మా బిల్లులో ఆ చరిత్ర స్పష్టంగానే కనబడింది.

పొద్దున్నే దక్షిణం కొస నుంచి నడక మొదలుపెట్టాం. అక్కడ వెల్‌కమ్ బోర్డు ఉంది. 1959లో బెటీ విలిస్ అనే ఆవిడ గీసిన డిజైను. దానికి ఆవిడ కాపీరైటే తీసుకోలేదు. అందుకే కీచైన్ల మీదా, టీషర్టుల మీదా, అయస్కాంతాల మీదా అదే బొమ్మ. ఫొటో కోసం పెద్ద క్యూ. ఎల్విస్ వేషం కట్టినాయన పక్కన నిలబడితే టిప్పు ఇవ్వాలి. మేం దూరం నుంచే తీసుకున్నాం.

అక్కణ్ణించి ఉత్తరానికి నడుస్తుంటే కుడి పక్కన, ట్రాపికానా అవెన్యూ మూల మీద పెద్ద ప్రహరీ, వెనక క్రేన్లు. ట్రాపికానా హోటల్ ఉన్న చోటు అది. 2024 అక్టోబరులో ఒక రాత్రి ముందు డ్రోన్ల షో, బాణసంచా పెట్టి, ఆ తరవాత దాన్ని పేల్చి కూల్చేశారు. ఇప్పుడు 33 వేల మంది పట్టే బేస్‌బాల్ స్టేడియం కడుతున్నారు.

ఈ ట్రాపికానా తెరిచింది 1957 ఏప్రిల్‌లో. నెల తిరక్కుండానే న్యూయార్క్‌లో ఫ్రాంక్ కాస్టెలో అనే మాఫియా పెద్ద మీద కాల్పులు జరిగాయి. బుల్లెట్ తల పక్కనుంచి గీరుకుపోయింది, మనిషి బతికాడు. పోలీసులు జేబులు వెతికితే ఒక చీటీ దొరికింది. అందులో ఒక కాసినో రాబడి, 6,51,284 డాలర్లు అని రాసి ఉంది. అది సరిగ్గా అప్పటికి ట్రాపికానా సంపాదించిన లెక్క. కాగితాల మీద ఓనర్లు వేరు, లెక్క చేరేది వేరేవాళ్లకి. సొమ్మొకడిది, సోకొకడిది అని మనవాళ్లు అంటారే, ఈ వీధి మొత్తం అదే వ్యవహారం. తరవాత ఏ హోటల్ ముందు నిలబడ్డా ఇది ఎవరి డబ్బు అనే ప్రశ్నే నాకు ముందు వచ్చేది. మా ఆవిడకి విసుగొచ్చింది కూడా.

ఆ కూడలిలో రోడ్డు దాటాలంటే పాదచారుల వంతెనే దిక్కు. మా ఆవిడ మధ్యలో ఆగి ఫొటో తియ్యబోతే, కదలమని యూనిఫాంలో ఉన్నాయన సైగ చేశాడు. 2024 నుంచి ఆ వంతెనల మీద ఆగి నిలబడకూడదని కౌంటీ ఆర్డినెన్స్. చూడ్డానికే కట్టిన వీధిలో ఆగి చూడకూడదట!

ఫ్లమింగో దగ్గర చాలాసేపు ఉన్నాం. బగ్సీ సీగల్ అనే గ్యాంగ్‌స్టర్ ఈ హోటల్ కట్టాడని అందరూ చెబుతారు. మొదలుపెట్టింది ఆయన కాదు. బిల్లీ విల్కర్సన్ అని హాలీవుడ్‌లో సినిమా పత్రిక నడిపే ఆయన ఆలోచన అది. మధ్యలో డబ్బు చాలకపోతే సీగల్ మనుషులు దూరారు, తరవాత మొత్తం వాళ్ల చేతికి పోయింది. ఖర్చు అరవై లక్షల డాలర్లకు ఎక్కింది. 1946 డిసెంబరు 26న తెరిచేనాటికి గదులు సిద్ధం కాలేదు. కాసినోలో గెలిచినవాళ్లు ఆ డబ్బు పట్టుకుని వేరే హోటళ్లకి పడుకోడానికి పోయారు. మూసి, 1947 మార్చిలో మళ్లీ తెరిచారు, లాభాలు కూడా వచ్చాయి. జూన్‌లో బెవర్లీ హిల్స్‌లో ఒక ఇంట్లో కూర్చుని ఉండగా సీగల్‌ని కాల్చేశారు. చంపినవాళ్లు ఈనాటికీ దొరకలేదు.

ఆ పాత కట్టడంలో ఇప్పుడు ఒక్క ఇటుక లేదు, మిగిలిన ఆఖరి ముక్కని 1993లో తీసేశారు. వెనక తోటలో మాత్రం సీగల్ పేర ఒక స్మారకం ఉంది. పక్కనే చెరువులో నిజం ఫ్లమింగోలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. నీళ్లలో రంగుచేపలు. పెళ్లి బట్టల్లో ఒక జంట ఫొటోలు తీయించుకుంటున్నారు. హత్యకు గురైన గ్యాంగ్‌స్టర్‌కి ఇంత చల్లటి చోటు ఇచ్చిన ఊరు ఇంకోటి ఉంటుందనుకోను.

లోపల కాసినోలో కాసేపు బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర నిలబడి చూశాను. ఆట కన్నా డీలరు చేతులు నన్ను ఆకట్టుకున్నాయి. డ్యూటీ మారేటప్పుడు ఆమె రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు పైకీ కిందికీ తిప్పి చూపించి, అప్పుడు టేబుల్ వదిలింది. అది ఆడేవాళ్ల కోసం కాదు, పైన కెమెరాల కోసం. ఏమీ తీసుకుపోవడం లేదని రుజువు. ఒకప్పుడు ఇదే వీధిలో లెక్కపెట్టే గదిలోంచే పెట్టెల కొద్దీ నోట్లు బయటికి పోయేవి. స్లాట్ మెషీన్లలోంచి నాణేలు గలగలా రాలడం కూడా పోయింది. ఇప్పుడు గెలిస్తే రసీదు లాంటి చీటీ వస్తుంది. మా ఆవిడ ఇరవై డాలర్ల నోటు పెట్టి, ఏడు డాలర్ల చీటీతో లేచింది. "ఇక్కడితో సరి" అంది. పంతానికి పోనివాళ్లు కాసినోకి అస్సలు పనికిరారు.

రోడ్డుకి అవతల సీజర్స్ ప్యాలెస్. జే సార్నో 1966లో కట్టినప్పుడు అప్పు ఇచ్చింది టీమ్‌స్టర్స్ యూనియన్ పెన్షన్ ఫండ్. అంటే లారీ డ్రైవర్లు ముసలితనానికి దాచుకున్న సొమ్ముతో లేచిన రోమన్ స్తంభాలవి. బ్యాంకులు జూదానికి అప్పు ఇవ్వని రోజుల్లో ఆ ఫండే చాలా హోటళ్లకి బ్యాంకు.

అదే ఏడాది నవంబరులో కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ రైల్లో వచ్చి డెజర్ట్ ఇన్ పై అంతస్తుల్లో దిగాడు. ఈయన జూదం ఆడడు, గది వదలడు. కొత్త సంవత్సరానికి పెద్ద ఆటగాళ్లు వస్తారు, ఖాళీ చెయ్యమన్నారు ఓనర్లు. 1967లో హోటలే కొనేశాడు. ఆ ఊపులో శాండ్స్, ఫ్రాంటియర్, ఇంకొన్ని కొన్నాడు. మాఫియా చేతుల్లోంచి కాసినోలు కంపెనీల చేతుల్లోకి పోవడానికి ఇదే దారి వేసిందంటారు. నాకైతే 1969 నాటి చట్టమే అసలు మలుపు అనిపిస్తుంది. అంతకుముందు కాసినోలో వాటా ఉన్న ప్రతి ఒక్కరూ లైసెన్సు తీసుకోవాలి. వేలమంది షేర్‌హోల్డర్లున్న కంపెనీకి అది ఎలా కుదురుతుంది? ఆ అడ్డు తీసేశాక స్టాక్ మార్కెట్ డబ్బు వచ్చిపడింది. గ్యాంగ్‌స్టర్లు దాంతో పోటీ పడలేకపోయారు.

సాయంత్రానికి బెల్లాజియో ఫౌంటెన్ల దగ్గర చేరాం. ఇక్కడ తెలుగు వినబడని నిమిషం లేదు. "నాన్నా, ఇటు రా, వీడియో తీస్తా" అని ఒకరు, "చలేస్తోంది, స్వెటర్ ఏది?" అని ఇంకొకరు. పాట మొదలవగానే నీళ్లు లేచాయి, అందరూ గప్‌చుప్. నాకూ నచ్చింది, దాచడం ఎందుకు. ఆ ఎనిమిదిన్నర ఎకరాల సరస్సుకి నీళ్లు కొలరాడో నది నుంచి రావు. ఇక్కడ ముందుండిన డ్యూన్స్ హోటల్ గోల్ఫ్ మైదానానికి తవ్విన బోరు నుంచే వస్తాయి. డ్యూన్స్‌ని 1993 అక్టోబరులో కాసినోల వ్యాపారి స్టీవ్ విన్ కూల్పించాడు. అదీ మామూలుగా కాదు. తన కొత్త హోటల్ ట్రెజర్ ఐలాండ్ ముందున్న ఓడ ఫిరంగి పేల్చినట్టు నటింపజేసి, దానికే డ్యూన్స్ కూలినట్టు చూపించాడు. కూల్చడం కూడా ఒక షో అయింది అప్పటినుంచే. అయిదేళ్లకి అక్కడే బెల్లాజియో తెరిచాడు. ఇప్పుడది విన్‌దీ కాదు. 2019లో ఎంజీఎం అనే హోటళ్ల కంపెనీ దీని కట్టడాన్నీ స్థలాన్నీ పెట్టుబడుల సంస్థ బ్లాక్‌స్టోన్‌కి 425 కోట్ల డాలర్లకి అమ్మేసి, తనే అద్దెకుంటూ హోటల్ నడుపుతోంది.

మర్నాడు మిరాజ్ ఉన్న చోటికి వెళ్లాం. 1989లో విన్ జంక్ బాండ్ల అప్పుతో, అంటే రిస్కూ వడ్డీ రెండూ ఎక్కువుండే అప్పుతో కట్టి, ముందు అగ్నిపర్వతం పెట్టిన హోటల్. వేగస్ మళ్లీ పుంజుకున్నది దాంతోనే. 2024 జులైలో మూసేశారు, అగ్నిపర్వతం కూడా పోయింది. ఇప్పుడు గిటార్ ఆకారంలో హార్డ్ రాక్ హోటల్ లేస్తోంది. హార్డ్ రాక్ ఎవరిదో తెలుసా? ఫ్లోరిడా సెమినోల్ ఆదివాసులది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన యజమానులు వాళ్లే. స్థలం మాత్రం విసీ అనే రియల్ ఎస్టేట్ ట్రస్టుది.

ఒక చరిత్ర స్ట్రిప్ మీద ఎక్కడా కనబడదు. దానికి డౌన్‌టౌన్ వైపున్న నియాన్ మ్యూజియానికి పోవాలి. కూల్చిన హోటళ్ల బోర్డులన్నీ ఆరుబయట పడి ఉంటాయి. స్టార్‌డస్ట్ అక్షరాలు మెరుపు తీగల్లా కోసుగా, బల్బులు పోయిన హోల్డర్లతో, తుప్పు మరకలతో. వాటి మధ్య మూలాన్ రూజ్ బోర్డు. గీసింది ఆ బెటీ విలిసే. 1940, 50ల్లో స్ట్రిప్ హోటళ్లలో నల్లవాళ్లు పాడొచ్చు, నాట్యం చెయ్యొచ్చు, గది మాత్రం ఇవ్వరు. పేరుమోసిన గాయకుడు శామీ డేవిస్ జూనియర్ అంతటివాడు కూడా షో అయ్యాక వెస్ట్‌సైడ్‌లో నల్లవాళ్ల ఇళ్లకి పోయి పడుకోవాల్సిందే. 1955లో వచ్చిన మూలాన్ రూజ్ అందరినీ రానిచ్చిన మొదటి హోటల్ కాసినో. అదీ స్ట్రిప్ మీద కాదు. ఆర్నెల్లలో మూతపడింది. 1960 మార్చిలో, ఊరేగింపు తీస్తామని హెచ్చరించాక, మూతపడ్డ ఆ హోటల్లోనే కూర్చుని కాసినోల వాళ్లు వర్ణవివక్ష ఎత్తేస్తామని ఒప్పుకున్నారు. మ్యూజియంలో అందరూ స్టార్‌డస్ట్ ముందు ఫొటోలు తీసుకుంటుంటే మా ఆవిడ ఈ బోర్డు ముందు తియ్యమంది.

స్ట్రిప్ ఉత్తరం కొస సాయంత్రం బస్సులో చూశాం. ఫాంటెన్‌బ్లో అనే నీలం అద్దాల టవర్ 2007లో మొదలై, దివాలా తీసి, చేతులు మారి 2023 డిసెంబరుకి తెరుచుకుంది. మధ్యలో కొన్నాయన కార్ల్ ఐకాన్. పదిహేను కోట్ల డాలర్లకి కొని, గదుల కోసం తెచ్చిన ఫర్నిచరు అమ్మేసి, ఏళ్ల తరబడి ఇంకేం చెయ్యకుండా ఉంచి, 2017లో అరవై కోట్లకి అమ్మాడు. ఒక్క గది అద్దెకివ్వకుండా స్ట్రిప్‌లో ఇంత సంపాదించినవాడు ఇంకొకడు ఉన్నాడో లేడో!

సహారా అవెన్యూ దగ్గర దిగాం. మూల మీద ఎల్ రాంచో ఉండిన చోటు. 1960లో తగలబడిపోయాక ఆ స్థలంలో చాలా భాగం దశాబ్దాలు బీడుగానే ఉంది. రోడ్డు దాటితే అసలు లాస్ వేగస్ సిటీ మొదలవుతుంది. "దాటదామా అత్తయ్యా?" అన్నాడు మేనల్లుడు. "అక్కడ రిసార్ట్ ఫీజు లేదా?" అంది మా ఆవిడ. ఉందన్నాడు. ఆ వైపు నుంచే వస్తున్న బస్సెక్కి వెనక్కి వచ్చేశాం.