టెంప్ ఫోల్డర్లో దొరికిన పెళ్లి పత్రిక

చంద్రగిరి వాళ్ల పెళ్లి పత్రిక, నిన్న పొద్దున పదిన్నర నుంచి డిజైన్ సాఫ్ట్‌వేరు కోరల్‌డ్రాలో చేస్తా ఉన్నా. ముహూర్తం, తాతల పేర్లు, మేనమామల పేర్లు అన్నీ అనూ అనే తెలుగు ఫాంట్లో కొట్టి, వినాయకుడి చుట్టూ లతల బార్డరు ఒక్కో నోడూ, అంటే గీతని వంచే చుక్క, సరిచేసి, ఒక్కసారి కూడా సేవ్ కొట్టలేదు. "ఫస్టు కార్డు కొండకి పంపాలమ్మా, స్వామికి పంపినాకే మనోళ్లకి పంచేది" అని పెళ్లికూతురు తాత చెప్పి పోయినాడు, ఆ మాటే మనసులో తిరగతా ఉండాది.

రెండుంబావుకి స్క్రీన్ తెల్లగా పాలిపోయి నాట్ రెస్పాండింగ్ అనింది, ఆనెక దానంతట అదే మూసుకుపోయింది. మాది పాత సిస్టం, సి డ్రైవు నిండిపోయి చాన్నాళ్లయింది. నేను తేరుకునేలోపల షాపులో పిల్లోడు కోరల్ మళ్లీ ఓపెన్ చేసినాడు, పోయిన ఫైలు మళ్లీ తెరవాలా అని అడిగే రికవరీ బాక్స్ వస్తే ఏదో ఎర్రర్ అనుకొని క్యాన్సిల్ నొక్కేసినాడు. వాణ్ణి ఏమీ అనలేదు, పనిలో చేరి రెండు నెలలే, నేను చెప్పుండాల్సింది.

ఇక్కడ ఒకటి తెలిసుండాలి. మనం సేవ్ చెయ్యకపోయినా కోరల్ మధ్య మధ్యలో తనంతట తానే ఒక కాపీ దాస్తాది, అదే ఆటోబ్యాకప్. క్యాన్సిల్ కొట్టినా ఆ ఫైలు వెంటనే పోదు, కోరల్‌ని మామూలుగా క్లోజ్ చేసినప్పుడే తుడిచేస్తాది. అందుకే "ఎక్స్ మీద చెయ్యి పెట్టొద్దు రా" అని అరిచినా. పక్క షాపు అన్నేమో సిస్టం స్లో అయిందంటే తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ అంతా డిలీట్ చెయ్యమ్మా అంటాడు, అయ్యో అన్నా, మన ఫైలు ఉండేదే ఆడ!

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, పర్సెంట్ గుర్తుల మధ్యలో టెంప్ అని కొట్టి, డేట్ ప్రకారం పేర్చి చూస్తే ఉండాది, ఆటోబ్యాకప్_ఆఫ్_అన్‌టైటిల్డ్-1, టైము 2:05. ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నా, ఓపెన్ చేసేది తర్వాత. ఆ కాపీని ఇంకో సిస్టంలో తెరిస్తే తెలుగంతా అర్థం పర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుండె ఆగినంత పనయింది, తీరా చూస్తే ఆ సిస్టంలో అనూ లేదు అంతే, ఫైలు బాగానే ఉండాది. పోయింది చివరి పది నిమిషాల పని, ఒక మేనమామ పేరు, కింద బంధుమిత్రుల లైను.

బ్యాకప్_ఆఫ్ అని ఫైలు పక్కనే కనపడేది వేరే, అది సేవ్ చేస్తేనే పుడతాది, అసలు సేవ్ చెయ్యని పనికి ఉండదు. ఫోటోషాప్‌లో చేసేవాళ్లకైతే సిఎస్6 నుంచి ఆటో రికవరీ ఉండాది, మామూలుగా 10 నిమిషాలకి ఒకసారి.

రాత్రి టూల్స్, ఆప్షన్స్, సేవ్‌లోకి పోయి ఆటోబ్యాకప్ టైము 20 నిమిషాలని 5 చేసినా, ఫోల్డర్ డి డ్రైవ్‌కి మార్చినా. ఈ పొద్దు తాత వచ్చి ప్రూఫ్ చూసి, మళ్లీ టైపు చేసిన మేనమామ ఇంటిపేరులో ఒక దీర్ఘం సరిచేయించి ఓకే అన్నాడు. సాయంత్రానికి ప్రింటయింది, ఫస్టు కార్డు నాలుగు మూలలా పసుపు పెట్టి విడిగా ఎత్తి పెట్టినాము.