నా పేరు గుర్తులేని సార్‌ని ఉత్తరం అడగడం

అమెరికాలో ఎం.ఎస్.కు దరఖాస్తు చేసేవాళ్లను చాలా యూనివర్సిటీలు మూడు సిఫారసు ఉత్తరాలు అడుగుతాయి. మార్కులు, జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్ష స్కోరు, ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) మన కష్టం మీద ఆధారపడినవి. ఉత్తరం ఇంకొకరు రాయాలి. ఆ రాయాల్సినవాళ్లకు మనమెవరో తెలియకపోతే? 2024లో జలవనరుల ఇంజినీరింగ్ కోర్సులకు దరఖాస్తులు మొదలుపెట్టినప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ వేధించింది ఇదే.

నేను 2019లో హైదరాబాద్ శివారులోని ఒక కాలేజీలో సివిల్‌లో చేరాను. మొదటి సంవత్సరం పూర్తికాకముందే లాక్‌డౌన్ వచ్చింది. రెండో సంవత్సరం దాదాపు మొత్తం ఫోను తెర మీదే గడిచింది. కెమెరాలు ఆపేసుకుని కూర్చున్న అరవై మందిలో నేనొకదాన్ని. 2021 ఫిబ్రవరిలో కాలేజీలు తెరిచారు, మార్చిలో మళ్లీ మూసేశారు. ఆ కొద్ది రోజుల్లోనే ల్యాబులన్నీ హడావిడిగా చేయించారు. మాస్కుల వెనక ఉన్న మా ముఖాలు ఏ సార్‌కు గుర్తుంటాయి? పైగా ప్రాజెక్టు గైడ్‌గా ఉన్న మేడం మా చదువు ముగిసిన కొన్నాళ్లకే వేరే కాలేజీకి వెళ్లిపోయారు. నేను బేగంపేటలో వరదనీటి కాలువల డిజైన్లు చేసే చిన్న సంస్థలో చేరాను. 2024 చివర్లో ఉత్తరాల అవసరం వచ్చేనాటికి కాలేజీతో నాకు మిగిలిన బంధం మార్కుల మెమోలు మాత్రమే.

అడిగిన ప్రతివాళ్లూ ఇచ్చిన సలహా ఒక్కటే: హెచ్‌ఓడీ (విభాగాధిపతి) దగ్గరికి వెళ్లు, పెద్ద హోదా ఉంటే ఉత్తరానికి బరువొస్తుంది. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేసి నమూనా ఉత్తరాలు చేతిలో పెట్టారు. అన్నిట్లోనూ అవే మాటలు: కష్టపడే స్వభావం, క్రమశిక్షణ, సమయపాలన. పేరు మారిస్తే ఆ ఉత్తరం ఎవరికైనా సరిపోతుంది. అడ్మిషన్ కమిటీలో కూర్చున్నవాళ్లు ఏటా అలాంటివి ఎన్ని చదివి ఉంటారో ఊహించుకుంటేనే నాకు మనసొప్పలేదు. హెచ్‌ఓడీ గారు మాకు పాఠమే చెప్పలేదు. ఆయన నా గురించి ఏం రాసినా అది ఊహే అవుతుంది. నేను చేసిన పని ఒక్కటైనా కళ్లారా చూసినవాళ్లెవరని వెతకడం మొదలుపెట్టాను.

అటక మీది పెట్టెలో సర్వేయింగ్ ఫీల్డ్ బుక్, అంటే భూమి కొలతలు అక్కడికక్కడే రాసుకునే పుస్తకం, దొరికింది. ఆ చిన్న పుస్తకమే నాకు దారి చూపింది.

2021లో ఆ హడావిడి ల్యాబుల్లో మా బృందం కాలేజీ ఆవరణలో ఐదు స్టేషన్ల ట్రావర్స్ చేసింది, అంటే ఐదు గుర్తుల దగ్గర నిలబడి కోణాలు కొలుస్తూ ఆవరణను చుట్టి వచ్చింది. ఐదు మూలల ఆకారంలో లోపలి కోణాల మొత్తం 540 డిగ్రీలు రావాలి. మాకు సరిగ్గా ఒక డిగ్రీ తక్కువ వచ్చింది. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి ఒక్కో కోణానికి 12 నిమిషాల చొప్పున కలిపేస్తే లెక్క సరిపోతుంది, రికార్డు అందంగా ఉంటుంది, ఎవరూ అడగరు. బృందంలో అందరూ అదే అన్నారు. చిన్న చిన్న తేడాలను అలా పంచి సరిచేయడం సర్వేలో మామూలే కానీ, ఒక డిగ్రీ అంటే అలా పంచేంత చిన్నది కాదు. ఎక్కడో ఒకచోట రీడింగ్ తప్పు చదివామని అర్థం. మర్నాడు పొద్దున్నే కోణాలు కొలిచే థియోడలైట్ అడిగి తీసుకుని, స్టేషన్ తర్వాత స్టేషన్ మళ్లీ కొలిచాం. క్యాంటీన్ పక్క స్టేషన్‌లో తప్పు దొరికింది. పాత రీడింగును చెరిపేయకుండా కొట్టేసి, పక్కన కొత్తది రాశాను. ఆ పేజీ అడుగున మాకు సర్వేయింగ్ చెప్పిన సార్ ఎర్ర సిరాతో ‘మళ్లీ కొలిచారు, మంచిది’ అని రాసి సంతకం పెట్టారు.

అక్టోబరులో సార్‌కు మెయిల్ రాశాను. ఏ బ్యాచ్, ఏ సెక్షన్, ఏ సెమిస్టర్‌లో ఆయన మాకు చెప్పారు, ఇప్పుడు ఏం చేస్తున్నాను, ఎందుకు కలవాలనుకుంటున్నాను, ఇంతే. జవాబు వచ్చాక ఒక శనివారం వెళ్లాను.

“ఏమ్మా, నీ ముఖం నాకు గుర్తు రావడం లేదు” అన్నారు సార్. బాధ కలగలేదు. అది నిజం, ఆయన నిజం చెబుతున్నారు. ఫీల్డ్ బుక్ తెరిచి ఇచ్చాను. తన చేతిరాత చూసి ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిప్పి పాత రీడింగులన్నీ చదివారు. “కొట్టేసినవి కూడా ఉంచావే!” అన్నారు. ఆ తర్వాత మన దగ్గర అందరూ వినే మాటే అన్నారు: “నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను.”

ఈ మాట అన్నందుకు అధ్యాపకులను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు ఆయన బల్ల మీద జవాబు పత్రాలు, అక్రిడిటేషన్ ఫైళ్లు కొండలా ఉన్నాయి. గడువులన్నీ డిసెంబరు, జనవరిలోనే కాబట్టి అడిగేవాళ్లందరూ ఒకేసారి వచ్చి పడతారు. అయినా నా ఉత్తరం నేను రాసుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. “సార్, నేను రాస్తే అవి నా మాటలే అవుతాయి. మీరు చూసింది నాలుగు వాక్యాలైనా చాలు. వివరాలన్నీ ఒక పేజీలో తెచ్చాను” అన్నాను. ఆ పేజీలో పొగడ్త ఒక్కటి కూడా పెట్టలేదు. ఆయన సబ్జెక్టులో వచ్చిన మార్కులు, ట్రావర్స్ సంగతి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు, ఆఫీసులో చేస్తున్న పని, యూనివర్సిటీల పేర్లు, గడువు తేదీలు. ప్రతిదానికీ రుజువు కాగితం వెనక జత చేశాను. ఆయన కాసేపు ఆలోచించి, వారం తర్వాత కనబడమన్నారు. ఆ వారంలో తానే రాశారు.

ఇంకో సబ్జెక్టు చెప్పిన మేడం మాత్రం “నీ గురించి నాకు ఏమీ తెలియదు, రాయలేను” అని మర్యాదగానే కాదన్నారు. మనస్ఫూర్తిగా ధన్యవాదాలు చెప్పి వచ్చాను. తెలియకుండా రాసే ఉత్తరం కన్నా ఆ జవాబు నాకు మేలు చేసింది. వేరే కాలేజీకి వెళ్లిన గైడ్ మేడంను వెతికి పట్టుకున్నాను. ఆమె తన కొత్త కాలేజీ లెటర్‌హెడ్ మీదే, మాకు ఎప్పుడు ఎక్కడ గైడ్‌గా ఉన్నారో స్పష్టంగా చెప్పి రాశారు. మూడోది మా ఆఫీసు మేనేజర్ గారు ఇచ్చారు. నేను ఎంచుకున్న యూనివర్సిటీలు పని చేసే చోటు నుంచి ఒక ఉత్తరాన్ని ఒప్పుకున్నాయి.

ఉత్తరం రాయడంతో పని అయిపోదు. దరఖాస్తులో రాసేవాళ్ల పేరు, హోదా, ఈమెయిల్ ఇస్తే యూనివర్సిటీ ఆ రాసేవాళ్లకే నేరుగా లింకు పంపుతుంది. కాలేజీ పేరుతో ఉన్న అధికారిక మెయిల్ ఇస్తే నమ్మకం ఎక్కువ. మా సార్ రోజూ వాడేది జీమెయిల్. కాలేజీ ఇచ్చిన ఐడీ పాస్‌వర్డ్ ఎప్పుడో మరిచిపోయారు. కంప్యూటర్ సెంటర్‌లో దాన్ని మళ్లీ తెరిపించడానికే ఒక మధ్యాహ్నం గడిచింది. ఆ లింకుల్లో కొన్ని స్పామ్‌లో పడ్డాయి. ఉత్తరం అప్‌లోడ్ చేయడమే కాక, ఈ విద్యార్థి తెలివి, రాత, స్వతంత్రంగా పనిచేసే శక్తి మీకు తెలిసినవారిలో మొదటి ఐదు శాతంలో ఉందా, పది శాతంలోనా అని పట్టిక కూడా నింపమంటారు. ప్రతి యూనివర్సిటీకీ విడిగా ఇదే పని. సార్ ఓపికను దృష్టిలో పెట్టుకుని నేను దరఖాస్తుల సంఖ్యే తగ్గించుకున్నాను.

మన దరఖాస్తులో మరో ప్రశ్న ఉంటుంది: ఉత్తరం చూసే హక్కు వదులుకుంటారా అని. 1974లో వచ్చిన ఫెర్పా అనే అమెరికా చట్టం ప్రకారం, అక్కడ చేరిన విద్యార్థి తన ఫైలులోని ఉత్తరాలు చూపించమని అడగవచ్చు. ఆ హక్కు వదులుకుంటే రాసినవాళ్లు మొహమాటం లేకుండా రాశారని చదివేవాళ్లు నమ్ముతారు. నేను వదులుకున్నాను. సార్ ఏం రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

డిసెంబరు 15 గడువు ఉన్న యూనివర్సిటీకి సార్ ఉత్తరం ఒక్కటే మిగిలింది. ఆయన పరీక్షల డ్యూటీలో ఉన్నారు. అమెరికా తూర్పు తీరపు రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు ఉదయం 10:29. ఆ సంగతి చెబుతూ ఒకే ఒక్క మెసేజ్ పెట్టాను. మర్నాడు ఉదయం తొమ్మిది దాటాక పోర్టల్‌లో ‘అందింది’ అని కనిపించింది. మార్చిలో అక్కడి నుంచే అడ్మిషన్ వచ్చింది. ఆ వార్త ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పి, వెంటనే సార్‌కు, గైడ్ మేడంకు, మేనేజర్ గారికి ఫోను చేసి చెప్పాను.