కరకట్ట వెనక్కి జరిగింది, మా పొలం ఏటివైపు మిగిలింది

తిరుపతికీ శ్రీకాళహస్తికీ మధ్య సువర్ణముఖి ఒడ్డున ఉన్న ఊళ్లలో మాదొకటి. 2021 నవంబరు వరదలో మా ఊరి కరకట్టకు గండి పడింది. ఇప్పుడా కట్ట పాతచోట లేదు. ఏటికి దూరంగా, బాగా వెనక్కి జరిపి కొత్తది కట్టారు. మా కుటుంబానికి ఉన్న భూమిలో కొంత కట్ట కిందికి పోయింది. అంతకంటే ఎక్కువ భూమి కట్టకు అవతల, ఏటివైపు ఉండిపోయింది. ఈ రెండో భూమి కోసమే ఇది రాస్తున్నాను. కట్ట వెనక్కి జరగాలని నేను గట్టిగా కోరుకున్నాను, ఇప్పటికీ నాది అదే మాట. కానీ ఏటికి చోటిచ్చిన రైతుకు ఆ చోటు విలువ దక్కాలి. సమయానికి, రాతపూర్వకంగా అడగకపోతే అది ఎవరి లెక్కలోకీ రాదు.

సువర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి, తిరుచానూరుల పక్కగా వచ్చి, శ్రీకాళహస్తి గుడి దగ్గర ఒరుసుకుని, నాయుడుపేట మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఈశాన్య రుతుపవనాల్లో వాయుగుండం వచ్చినప్పుడు మాత్రం కొండల మీద పడిన వాన గంటల్లో కిందికి దిగుతుంది. 2021 నవంబరు మూడో వారంలో అదే జరిగింది. తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి. రాయలచెరువు కట్టలో నీరు ఊరుతోందని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. పక్కనే కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19వ తేదీన కొట్టుకుపోయి ఊళ్లను తుడిచిపెట్టింది. మా గండిలో ప్రాణనష్టం జరగకపోవడం దేవుడి దయ.

నీళ్లు తీశాక గండి దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ నేల లేదు. కట్ట తెగినచోట నీరు సుడి తిరిగి పెద్ద గుండం తవ్వింది. వెదురు బొంగుకు రాయి కట్టి దింపితే అడుగు అందలేదు. ఆ గుండంలోంచి లేచిన ఇసుకంతా మా వేరుశనగ చేనులో మేట వేసింది. బోరు పైపు మూత ఒక్కటే పైన కనిపించింది. స్టార్టరు పెట్టె తలుపు లాగితే లోపల తడి ఇసుక కూరినట్టు గట్టిగా నిండి ఉంది. మా నాన్న దాన్ని వేళ్లతో తవ్వి తీస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

మొదట అందరం అనుకున్నది ఒకటే, గండి పూడ్చాలి. ఆ చలికాలంలో ఇసుక బస్తాలు వేసి తాత్కాలికంగా అడ్డం కట్టారు. శాశ్వతంగా కట్టే మాట వచ్చినప్పుడు కొలతలకు వచ్చిన ఇంజనీరు గుండం ఒడ్డున నిలబడి, ఇక్కడే కట్టడం వృథా అని చెప్పారు. కింద అంతా వదులు ఇసుక. దాని మీద మట్టి పోస్తే, వరద రోజున కట్ట అడుగు నుంచి నీరు ఊరి, ఇసుకను తన్నుకుపోయి, మళ్లీ అదేచోట తెగుతుంది. గుండాన్ని వదిలేసి వెనకగా చుట్టి కట్టాలి. అంతేకాదు, మా మలుపు దగ్గర రెండు కట్టల నడుమ ఏరు బాగా ఇరుకైపోయింది. పై ఊళ్ల దగ్గర ఉన్న వెడల్పు ఇక్కడ సగం కూడా లేదు. ఇరుకులో నీటిమట్టం లేస్తుంది, వేగం పెరుగుతుంది, కట్ట పాదం కోసుకుపోతుంది. కాబట్టి గుండం వరకే కాకుండా మలుపంతా వెనక్కి జరుపుదామన్నారు.

గ్రామసభలో దీనికి పెద్ద గొడవే అయింది. మా చిన్నాన్నే లేచి, "తాతలనాటి భూమిని ఏటికి ధారపోయడమేమిటి? కట్టను ఇంకో మీటరు ఎత్తు లేపండి, చాలు" అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. ఇంజనీరు ఓపికగా నేల మీద సుద్దతో గీసి చూపించారు. కట్టకు రెండువైపులా ఒకటికి రెండు వాలు (మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడుగు) ఇస్తే, ఒక మీటరు ఎత్తు పెంచినప్పుడు అడుగు వెడల్పు నాలుగు మీటర్లు పెరుగుతుంది. అంటే ఎత్తు పెంచినా భూమి పోక తప్పదు, ఇరుకు మాత్రం ఇరుకుగానే ఉంటుంది. అప్పుడు ఎదుటి గట్టు ఊరి పెద్దాయన ఒకరు లేచారు. వాళ్లను మా సభకు పిలవడం చాలామందికి నచ్చలేదు గానీ నాకు అది సరైన పనిగా తోచింది. "అయ్యా, మీరు ఎత్తు లేపితే మేమూ లేపమంటాం. అప్పుడు ఆ నీళ్లు కింది ఊరి మీద పడతాయి. ఇది ఎక్కడ ఆగుతుంది?" అన్నారు. సభ కాసేపు సద్దుమణిగింది. వరదను ఒక ఊరు ఒంటరిగా గెలవలేదు. ఒకచోట ఏటికి వెడల్పు దొరికితే ఆ మేలు పైనున్న ఊళ్లకూ ఎదుటి ఊరికీ కూడా అందుతుంది.

మా అక్క కూతురు సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. తర్వాతి సభకు తాను బొమ్మలు అచ్చు తీయించి తెచ్చింది. నెదర్లాండ్స్‌లో 1995లో నదులు పొంగి దాదాపు రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారట. ఎన్నో తరాలుగా కట్టల మీదే బతికే దేశం అది. కట్టల ఎత్తు పెంచడమొక్కటే దారి కాదని తేల్చుకుని నదులకు చోటిచ్చే పథకం చేపట్టింది. నైమేఖన్ నగరం ఎదుట వాల్ నది కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపారు. సుమారు 50 ఇళ్లు తీసేయాల్సి వచ్చింది. వరద మట్టం అక్కడ దాదాపు 35 సెంటీమీటర్లు తగ్గేలా పని చేశారు. అమెరికాలో 2019 వరదకు తెగిన మిస్సోరీ నది కట్టను కూడా ఒకచోట పాత వరుసలో కాకుండా వెనక్కి జరిపి కట్టి, వెయ్యి ఎకరాలకు పైగా నదికి వదిలారు. మా ఏరు వాటి ముందు పిల్లకాలువే. అయినా ఆ బొమ్మలు మా వాళ్లను కదిలించాయి. ముఖ్యంగా, ఇళ్లు వదులుకున్న వాళ్లకు ఏమిచ్చారని మా చిన్నాన్న అడగడం నాకు గుర్తుండిపోయింది. అసలు ప్రశ్న అదే.

ఈలోగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. మా మండలం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఫైళ్లు చిత్తూరు నుంచి తిరుపతికి మారాయి. ఇలా కార్యాలయం మారినప్పుడు మీ అర్జీ నంబరు, తేదీ ముద్ర ఉన్న నకలు మీ దగ్గర ఉంటేనే పని ముందుకు నడుస్తుంది. మేము ప్రతి కాగితానికీ రసీదు తీసుకున్నాం. అదే మమ్మల్ని నిలబెట్టింది.

ఉమ్మడి సర్వే రోజు పొద్దున్నే ఊరంతా చేలో ఉంది. సర్వేయరు ఎఫ్‌ఎంబీ పటం, అంటే పొలాల కొలతలున్న పటం, చేత్తో పట్టుకుని హద్దు రాళ్లు వెతికారు. సగం రాళ్లు మేట కింద ఉన్నాయి. మా పక్క చేను ముసలాయన చింతచెట్టు నుంచి అడుగులు కొలుస్తూ వచ్చి ఒకచోట ఆగి, ఇక్కడ తవ్వమన్నారు. మోకాలి లోతున రాయి తగిలింది. పటంలో ఏటి పోరంబోకు (ఏటికి చెందిన ప్రభుత్వ స్థలం) ఎక్కడిదాకా ఉందో తేలినప్పుడు ఇంకో నిజం కూడా బయటపడింది. పాత కట్ట కొంతమేర పోరంబోకులోనే ఉంది. ఏరు ఇరుకైంది అందుకే. ఏటి స్థలం ఏటికి పోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. పట్టా భూమి సంగతి వేరు.

ఇక్కడి నుంచి భూసేకరణ. 2013 భూసేకరణ చట్టం కింద 11వ సెక్షన్ ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 రోజుల్లోగా అభ్యంతరాలు ఇవ్వాలి. గ్రామ సచివాలయం గోడ మీద అంటించిన జాబితా చదివితే గుండె జారింది. అందులో ఉన్నది కట్ట పాదం, దాని పక్కన జీపు బాట, అంతే. ఏటివైపు మిగిలే ఎకరాల ఊసు లేదు. కాగితం మీద అవి మావే. కానీ మా బోరు అక్కడ ఉంటుంది, దాని కరెంటు స్తంభాలు ఇటు ఉంటాయి. ట్రాక్టరు వెళ్లే దారి కట్టతో తెగిపోతుంది. ఏటా నీరు నిలవొచ్చు. ఆ భూమిని ఏ బ్యాంకు తాకట్టు పెట్టుకుంటుంది? ఎవరు కొంటారు?

శ్రీకాళహస్తిలో ఒక న్యాయవాది చట్టం పుస్తకం తెరిచి 28వ సెక్షన్ చూపించారు. తీసుకున్న భూమికి వెల కట్టడంతో సరిపోదు. దాన్ని మిగతా భూమి నుంచి విడదీయడం వల్ల కలిగే నష్టం, సేకరణ వల్ల మన ఇతర ఆస్తికి జరిగే హాని, ఈ రెండూ పరిహారం నిర్ణయించేటప్పుడు చూడాలని అందులో ఉంది. చెట్లు, బావులు, కట్టడాలకు 29వ సెక్షన్ కింద వేరే విలువ. వీటన్నిటి మొత్తం మీద 30వ సెక్షన్ కింద నూరు శాతం సొలేషియం, అంటే ఊరటగా ఇచ్చే అదనపు మొత్తం. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం కూడా ఉంటుంది. ఇదంతా తెలిశాక మేము అభ్యంతరం రాశాం. కట్టను వ్యతిరేకిస్తున్నామని రాయలేదు. ఏటివైపు భూమినీ సేకరించండి, లేదా విడదీత నష్టం కట్టివ్వండి. రెండో దారి అయితే కట్ట మీదుగా ట్రాక్టరు ఎక్కి దిగే వాలుబాటలు వేయండి, సాగు హక్కు మాకే ఉంటుందని రాసివ్వండి, ఇవీ మేము కోరినవి. మా గట్టు రైతులందరం ఒకే మాట మీద సంతకాలు చేశాం. చిన్నాన్న సంతకం ముందుగా పడింది.

కాగితాలు లేని బాధ కట్ట బాధ కంటే ఎక్కువ. మా భూమి ఇంకా తాత పేరు మీదే ఉంది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, చెన్నైలో ఉన్న బాబాయి అంగీకారం, అడంగల్ (సాగు రికార్డు), 1-బి (భూమి హక్కుల రికార్డు), ఈసీ (రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) అన్నీ పోగేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏటి ఒడ్డున భూములున్న వాళ్లు వరద రాకముందే పేరు మార్పిడి చేయించుకోండి. డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన (అసైన్డ్) భూమి పట్టా, ఉన్న ఎస్సీ కాలనీ రైతులకైతే, మీది ప్రభుత్వ భూమే కదా, పరిహారం తక్కువే వస్తుందని ఎవరో చెప్పి భయపెట్టారు. అది తప్పు. మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు నకలు వాళ్ల అర్జీలకు జత చేశాం.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. కొత్త కట్ట ఇంకా సగంలో ఉంది. ఇసుక బస్తాల అడ్డుకట్టను ఏరు ఒక్క రాత్రిలో తీసుకుపోయింది. ఈసారి నీరు కొత్త వరుస దాకా వచ్చి, కట్టిన సగం దగ్గర ఆగింది. కట్టని సగం గుండా చేలల్లోకి వెళ్లింది. తెల్లవారాక ఆ రెండు చోట్లా నిలబడి చూసిన వాళ్లెవరూ మళ్లీ కట్ట ఎత్తు పెంచే మాట ఎత్తలేదు.

కట్ట తర్వాతి ఏడాది వేసవిలో పూర్తయింది. వాలు మీద వట్టివేరు నాటారు. పాత కట్టను అక్కడక్కడా తెగ్గోసి, నీరు అవతలికి వచ్చి పరుచుకునేలా చేశారు. ఆ అక్టోబరు వానలకు ఏరు మా పాత చేల మీదికి వచ్చి, కొత్త కట్ట పాదాన్ని తాకి, కొద్ది రోజుల్లో తగ్గిపోయింది. ఎదుటి ఊళ్లోనూ ఈసారి ఎవరూ బడిలో తలదాచుకోవలసిన అవసరం రాలేదు. నీరు తీశాక ఇసుక పలచగానే పడింది, పైన ఒండ్రు మిగిలింది. అక్కడ రబీలో వేరుశనగ, పశుగ్రాసం వేస్తున్నాం. ఖరీఫ్ పంట, మామిడి తోట మాత్రం ఇక ఆ భూమిలో కుదరవు.

వాలుబాటలు వేశారు. బోరుకు విలువ కట్టారు. సాగు హక్కు గురించి రాతపూర్వకంగా ఇచ్చారు. కాలనీ రైతులకు పట్టాదారులతో సమానమైన రేటే వచ్చింది. విడదీత నష్టం మాత్రం మేము చూపిన పంట లెక్కల కంటే బాగా తక్కువ కట్టారు. అవార్డు, అంటే పరిహారం తేల్చిన ఉత్తర్వు, వెలువడిన రోజున మేము అక్కడే ఉన్నాం కాబట్టి, 64వ సెక్షన్ కింద విషయాన్ని పరిహార వివాదాలు విచారించే అథారిటీకి నివేదించమని కోరడానికి మాకున్న గడువు ఆరు వారాలు. డబ్బు తీసుకునేటప్పుడు, ఆక్షేపణతో స్వీకరిస్తున్నామని సంతకం పక్కనే రాశాం. గడువులోగా అందరం విడివిడిగా దరఖాస్తులిచ్చాం. వరదకు ముందు మూడేళ్ల అడంగల్, వేరుశనగ అమ్మిన మార్కెట్ చీటీలు, ముంపు తర్వాత తీసిన ఫొటోలు వాటికి జత చేశాం. విచారణ తేదీ కోసం చూస్తున్నాం.