1978 పద్మిని కారు: అమ్మకానికి ముందు పని చిట్టా

1వ రోజు, బాడీ. బండి మెరుస్తోంది, రంగు కొత్తది. పాత ప్రీమియర్ పద్మిని విషయంలో ముందు అనుమానించాల్సింది ఆ మెరుపునే. దీనికి విడిగా చాసిస్ (అడుగు చట్రం) లేదు, బాడీయే చాసిస్. ఇంజిన్ పోతే దించి బాగుచేసుకోవచ్చు. కింది రేకు పోతే బండే పోయినట్టు. అందుకే ధర తేలేది ముందు అక్కడే.

అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి డోర్ల అడుగున, మడ్‌గార్డుల అంచుల్లో, డోర్ల కిందుండే సిల్ వెంట జరుపుతూ పోయాం. కుడి సిల్ వెనక చివర జానెడు మేర అతుక్కోలేదు. గీకితే 5 మిల్లీమీటర్ల లప్పం, దాని వెనక రేకు స్క్రూడ్రైవర్ మొనకే అప్పడంలా విరిగింది. డ్రైవర్ మ్యాట్ కింద కూడా చెమ్మే. గట్టిపడ్డ ముందు అద్దం రబ్బరు సందులోంచి వాన నీరు దిగి, మ్యాట్ కింద ఆరకుండా నిలిచిపోతోంది.

3వ రోజు, ఇంజిన్. 1089 సీసీ. వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చూశాం: 120, 118, 122, 90 పీఎస్ఐ. నాలుగో సిలిండర్లో చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ చూస్తే 92. నూనె పోశాక బాగా పెరిగి ఉంటే పిస్టన్ రింగులు అరిగాయనుకోవాలి. పెరగలేదు కాబట్టి అనుమానం వాల్వు మీదే. వాల్వు కదలడానికి వదిలే గ్యాప్ బిగుతైతే అది సరిగా కూర్చోక అంచు కాలుతుంది. హెడ్ దించి వాల్వులు గ్రైండింగ్ చేయిస్తే సరి. కొనేవాళ్లు దీనికి బేరమాడతారు గానీ వదిలేసి పోరు.

6వ రోజు, టింకరింగ్. తుప్పు రేకు మీదే కొత్త రేకు అతికిస్తే మధ్యలో నీరు చేరి ఏడాది తిరక్కుండా మళ్లీ తినేస్తుంది. మంచి రేకు తగిలేదాకా కోసేసి, 18 గేజ్ రేకు అంచుకు అంచు కలిపి వెల్డింగ్ చేశాం. జింక్ ప్రైమర్, అతుకుల్లో సీలర్, ఆ తర్వాతే రంగు. రంగు వేయకముందు ప్రతి అతుకునూ ఫొటో తీసి ఉంచాం. బండ్ల గురించి తెలిసిన కొనుగోలుదారుకు కొత్త రంగు కంటే ఈ ఫొటోలే ఎక్కువ నమ్మకమిస్తాయి, ధర నిలబెట్టేదీ ఇవే.

8వ రోజు, కాగితాలు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఆర్‌సీతో పోల్చాం. అంకె అంకే కలిసింది. ఇది కలవని బండి ఎంత అందంగా ఉన్నా సామాన్ల ధరకే పోతుంది. స్టీరింగ్ పక్కనుండే గేరు కడ్డీ కాస్త లూజు. బుష్‌లు మార్చాలి గానీ, ఫ్లోర్ గేరు పెట్టొద్దు, వేరే ఇంజిన్ అసలే వద్దు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారని సొంత బండికి వింటేజ్ కింద ‘వీఏ’ నంబరు వస్తుంది. దీనికి 50 ఏళ్లు నిండేది 2028లో.

మిగిలిన పని: ముందు అద్దం రబ్బరు, డోర్ల అడుగున మట్టితో పూడిన నీటి రంధ్రాలు, ఎడమ వెనక చక్రంలో కారుతున్న వీల్ సిలిండర్ (బ్రేకును నొక్కే చిన్న సిలిండర్). దాని రబ్బరు కప్పులు కుడివైపు కూడా కలిపి మార్చాలి, లేకపోతే బ్రేకు ఒకవైపు లాగుతుంది.